ఎర్ర కెటిల్

24 ఏప్రిల్ 2025, గురువారం. చండ్రుగొండ.

నాకు డైరీ రాసే అలవాటు లేదు. లెక్కల టీచరుగా చేరి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని. నేను రాసేది ఖర్చుల పుస్తకం. అందులో తేదీ, వివరం, మొత్తం అని మూడు గడులే ఉంటాయి. కోపానికి గడి లేదు. అందుకని మనవరాలు దీపిక కాలేజీ నోటుబుక్కులో మిగిలిపోయిన కాగితాల మీద ఇది మొదలుపెట్టాను.

ఇప్పుడే ఎందుకంటే, కారు ప్రమాదం ఎలా జరిగిందో "మీ సొంత మాటల్లో" రాసిమ్మని బీమా కంపెనీ వాళ్లు అడిగారు. కారు నా పేరు మీద ఉంది, బీమా నా పేరు మీద ఉంది. వాళ్లకు ఇచ్చే ముందు నాకోసం ఒకసారి చిత్తు ప్రతి రాసుకోవడం మంచిది.

మొన్న ఆదివారం పొద్దున భద్రాచలంలో దర్శనం చేసుకుని, అక్కడి నుంచి పర్ణశాలకు బయలుదేరాం. నడిపింది దీపిక. పక్క సీటులో నేను. వెనక మా వారు వెంకటప్పయ్య గారు, మా వియ్యపురాలు సుబ్బరత్నం గారు. సుబ్బరత్నం గారు మా కోడలు శ్రీదేవి తల్లి, అంటే దీపికకు అమ్మమ్మ. దుమ్ముగూడెం ఇంకా రాకముందే ఒక ఊళ్లో రోడ్డు మీద సగం మేర మొక్కజొన్న ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పేర్చారు. ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. దీపిక పక్కకు తీసింది. కారు కింద ఠంగుమని చప్పుడైంది. ఇంకొంత దూరం వెళ్లాక ఇంజను ఆగిపోయింది. మధ్యలో ఆపాలని ఎవరికీ తోచలేదు.

చివరి వాక్యం చిన్నగా, బాగుంది. అలాగే రాసిస్తాను.

25 ఏప్రిల్, శుక్రవారం.

భద్రాచలం నుంచి మెకానిక్ భీమ్లా ఫోన్ చేశాడు. కారు అతని షెడ్డులోనే ఉంది.

"మేడం, చాంబర్ పగిలింది. ఆయిల్ చుక్క లేదు. చుక్క లేకుండ గంత దూరం నడిపిండ్రు గద, లోపలంత పట్టేసింది. ఇంజన్ మొత్తం దించాలె."

చాంబర్ అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అట. రాయి తగిలింది దానికే.

"ఎంతవుతుంది?"

"లక్షా ఎనభై."

"రూపాయలా?"

"అవ్ మేడం. రూపాయలే."

ఆ అంకె ఖర్చుల పుస్తకం చివర పెన్సిలుతో రాసుకున్నాను. తర్వాత అతను మామూలుగా అడిగాడు. "ఎర్ర లైటు రాలేదా మేడం? స్టీరింగ్ ఎన్క. చిన్న కూజా లెక్క ఉంటది బొమ్మ."

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

27 ఏప్రిల్, ఆదివారం.

దీపికకు ఉద్యోగం కాగితం వచ్చింది. వ్యవసాయ విస్తరణ అధికారి. ములకలపల్లి మండలం. జూన్ పదహారుకల్లా చేరాలి. పల్లెల వెంట తిరిగి రైతుల పొలాలు చూడటం పని. పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడిచింది. పొలాల్లో దిగడానికని పోయిన నెలలోనే గమ్‌బూట్లు కూడా కొనుక్కుని ఉంది. ఇంట్లో వాటితోనే నడుస్తుంటే శ్రీదేవి కేకలేసింది.

మా అబ్బాయి జయప్రకాశ్‌కు ఎరువుల దుకాణం ఉంది. దుకాణం నుంచి వచ్చి, కాగితం చదివి, చెప్పులు కూడా విప్పకుండా తీర్పు చెప్పాడు.

"కారుంటే పంపిస్తా. స్కూటీ మీద ఆ అడవి రోడ్ల వెంట దాన్ని తిరగనివ్వను. ఇన్సూరెన్సు వాళ్లు ఇంజన్‌కి డబ్బులివ్వకపోతే కారు ఉన్నదున్నట్టు అమ్మేద్దాం. హైదరాబాద్‌లో బ్యాంకు కోచింగుకి పంపుతా."

"బ్యాంకులో చెట్లుండవు నాన్నా" అంది దీపిక.

"ఏసీ ఉంటది."

కారు కొనమన్నది నేను. ఆడపిల్లకు డ్రైవింగు ఎందుకని వాడంటుంటే పట్టుబట్టి నేర్పించింది నేను. కాబట్టి ఈ క్లెయిము తేలాలి. వేరే దారి లేదు.

2 మే, శుక్రవారం.

బీమా కంపెనీ సర్వేయరు రాందాస్ భద్రాచలం వచ్చాడు. మేమూ వెళ్లాం, నేనూ దీపికా. అతను కారు కిందికి దూరి ఫోటోలు తీసి, బయటికి వచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు.

"రాయేది మేడం?"

"ఏ రాయి?"

"గుద్దిన రాయి. రాయి సూడకుండ ఆక్సిడెంట్ అని ఎట్ల రాయాలె?"

అతని బండిలోనే ఆ ఊరు వెళ్లాం. ఆరబోత అయిపోయింది. రోడ్డు ఖాళీ. మొక్కజొన్న ఎవరిదని అడిగితే పిచ్చమ్మ అనే ఆమెను చూపించారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నా మక్కలు తొక్కిచ్చి పోయింది మీరే గదా! ఆరోజు నెత్తిన నోరు పెట్టుకొని మొత్తుకున్న, ఒక్కళ్లు దిగలే."

"ఆ సంగతి తర్వాత మాట్లాడదాం. మా కారుకు తగిలిన రాయి ఏది?"

"నా మక్కల కాడ నలభై రాళ్లున్నయి. మీది ఏది?"

"మాది కాదమ్మా, మీదే."

"నాదైతే నన్నెందుకడుగుతున్నవ్?"

తర్కం ప్రకారం ఆమె మాటలో తప్పు లేదు. ఇంటి వెనక కుప్పలో ఒక్కొక్క రాయి తిప్పి చూశాం. రాందాస్ ఒక్కొక్కటీ వాసన చూశాడు. చివరికి నల్లటి ఆయిల్ మరక ఉన్న రాయి కోళ్ల గంప మీద బరువుగా దొరికింది. దాన్ని ఎత్తితే కోళ్లు బయటికి వస్తాయని పిచ్చమ్మ ఎత్తనివ్వలేదు. రాందాస్ అలాగే ఫోటో తీశాడు. గంప సందులోంచి మెడ చాచి ఒక కోడి కెమెరా వైపు చూస్తోంది.

తిరిగి వస్తుంటే అతను రోడ్డు వైపు చూస్తూ మెల్లిగా అడిగాడు. "రాయి తగిలినంక లైటొచ్చిందా మేడం?"

"ఏ లైటు?" అన్నాను.

దీపిక నా వైపు చూసింది. రాందాస్ "సరే" అన్నాడు. అతను ఆ "సరే" అన్న తీరు నాకు నచ్చలేదు.

9 మే, శుక్రవారం.

కంపెనీ ఉత్తరం వచ్చింది. పగిలిన చాంబరుకు మాత్రం ఇస్తారట. ఇంజను సంగతి వేరట. "ప్రమాదం జరిగిన తర్వాత, హెచ్చరిక దీపం వెలిగినప్పటికీ వాహనం నడపడం వలన కలిగిన యాంత్రిక నష్టం" కనుక దానికి చెల్లించరట.

ఉత్తరం ఇంగ్లీషులో నాలుగు తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్దాను. డబ్బు రాలేదు కానీ కొంచెం ఊరట కలిగింది.

"వెలిగినప్పటికీ" అని వాళ్లకెలా తెలుసు? ఆరా తీస్తే, రాందాస్ వెనక సీటు వాళ్లిద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాడని తేలింది. మా వారు ఒక్క ముక్కలో ముగించారట. "నేను నిద్రపోయాను." సుబ్బరత్నం గారు మాత్రం ఫోను చార్జింగు అయిపోయేదాకా మాట్లాడారట.

10 మే, శనివారం.

పోయిన నెల రాసినదాంట్లో కొన్ని వివరాలు తగ్గాయి. స్థలం చాలక కాదు. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

ఠంగుమన్న కాసేపటికి స్టీరింగు వెనక ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. పొడుగు ముక్కు, వెనక పిడి, ముక్కు చివర ఒక చుక్క.

"నానమ్మా, ఇదేదో వచ్చింది. ఆపనా?" అంది దీపిక.

నేను కళ్లజోడు సరిచేసుకునేలోగా వెనక నుంచి సుబ్బరత్నం గారి తల మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

"అమ్మో! కమండలం! కమండలమే తల్లీ! ముక్కులోంచి నీళ్లు కూడా కారుతున్నాయి చూడు. పర్ణశాలకి పోతుంటే రావణాసురుడి కమండలం వెలగడమేంటమ్మా! ఆపు, ఆపు. దిగి దణ్ణం పెట్టుకుని పోదాం."

ఆవిడ కమండలం అని కాకుండా ఇంకేమని ఉన్నా నేను ఆలోచించేదాన్ని. బల్లి పడితే శకునం, పిల్లి ఎదురొస్తే శకునం, ఇప్పుడు కారులో కమండలం. ఇన్నేళ్లు పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని చెప్పిన నేను రావణాసురుడి కోసం కారు ఆపించాలా? పైగా నేను పేపరు చదివే మనిషిని. డ్రైవరు అలసిపోతే విశ్రాంతి తీసుకోమని కొత్త కార్లు టీ కప్పు బొమ్మ చూపిస్తాయని ఆదివారం అనుబంధంలో చదివాను. ఇది కప్పు కాదు, కెటిల్. కారులో నలుగురం ఉన్నాం కదా, అందుకని కెటిల్ చూపించిందనుకున్నాను.

"వదినగారూ, అది టీ కెటిల్. కాసేపు ఆగి టీ తాగమని కారు చెబుతోంది. పర్ణశాలలో తాగుదాం. పోనివ్వు దీపికా."

"టీ కెటిల్‌కి అంత ముక్కుంటుందా వదినగారూ?"

"కమండలానికి ఉంటుందా?"

"ఉంటుంది. మా ఇంట్లో క్యాలెండర్లో ఉంది."

"క్యాలెండరు చూసి కారు నడపరు."

"పేపరు చూసి నడుపుతారా?"

"నానమ్మా, కారుతో ఒక పుస్తకం ఇచ్చారుగా. అందులో చూద్దామా? పక్కకు ఆపుతా" అంది దీపిక. ఇది రెండోసారి.

పుస్తకం చండ్రుగొండలో, మా బీరువాలో, పట్టాదారు పాసు పుస్తకం కింద ఉంది. విలువైన కాగితాలు కారులో పడేసి తిరగడం నాకు గిట్టదు. ఆ మాట వదినగారి ముందు చెప్పడం ఇష్టం లేక "ముందు రోడ్డు చూడు" అన్నాను.

ఆ తర్వాత కెటిల్‌కు పిడి ఎటు ఉంటుంది, కమండలానికి పిడి ఎటు ఉంటుంది అనే దాని మీద దుమ్ముగూడెం దాటేదాకా మాట్లాడుకున్నాం. ముందు గుర్రుమని, తర్వాత కరకరమని చప్పుడు మొదలైంది.

"అదేం చప్పుడు?" అన్నాను.

"మీ కెటిల్ మరుగుతోంది" అన్నారు సుబ్బరత్నం గారు.

ఇంజను ఆగింది. మా వారు లేచి, "పర్ణశాల వచ్చిందా?" అని అడిగారు.

ఇదీ జరిగింది. కాబట్టి "ఆయిల్ హెచ్చరిక దీపం చూశారా?" అన్న ప్రశ్నకు నా జవాబు "లేదు." నేను చూసింది కెటిల్. ఇది అబద్ధం కాదు.

11 మే, ఆదివారం.

ఇది అబద్ధం కాదు.

14 మే, బుధవారం.

కంపెనీ పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. జవాబు వచ్చింది. వచ్చే శనివారం కాక పై శనివారం ఒక అధికారి మా ఇంటికే వచ్చి, కారులో ఉన్న నలుగురి వాంగ్మూలం తీసుకుంటారట. దీపం వెలిగిందని తెలిసీ నడిపామని తేలితే ఇక ఫైలు మూసేస్తారట.

భోజనాల దగ్గర అందరికీ వివరించాను. ఎవరూ ఏ దీపమూ చూడలేదు. అంతే. పొడిగించకూడదు.

దీపిక కంచంలో గీతలు గీస్తూ, "నానమ్మా, నేను రెండుసార్లు అడిగా" అంది.

"అడిగింది ఆపనా అని. దీపం గురించి కాదు."

"ఇదేదో వచ్చింది అన్నా."

"'ఇదేదో' అంటే ఏదైనా కావచ్చు."

"నీ క్లాసులో ఎవరైనా ఇట్లా చెబితే ఏం చేసేదానివి?"

"బయట నిలబెట్టేదాన్ని."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. పప్పు అటు జరుపు."

మా వారు తన వాంగ్మూలం మార్చనవసరం లేదని సంతోషించి మజ్జిగ పోసుకున్నారు.

17 మే, శనివారం.

బస్సులో సత్తుపల్లి వెళ్లాను. సుబ్బరత్నం గారిని ఒప్పించాలి. జీవితంలో ఆవిడ దగ్గరికి ఒక పని మీద వెళ్లడం ఇదే మొదటిసారి.

వాకిట్లో చెప్పులు విడుస్తుంటేనే పక్కింటామె "కమండలం కారు వాళ్లు మీరేనా అండీ?" అని పలకరించింది. సత్తుపల్లిలో కథ బాగా ఎదిగిందని అర్థమైంది. ఇప్పుడు కమండలం మూడుసార్లు ఆరి వెలిగిందట. పైన ఒక చెయ్యి కూడా కనబడిందట.

మంచినీళ్లు తాగి విషయం చెప్పాను. సుబ్బరత్నం గారు శ్రద్ధగా విన్నారు. దీపిక ఉద్యోగం పోతుందన్నప్పుడు కళ్లు కూడా తుడుచుకున్నారు. కానీ తల అడ్డంగా ఊపారు.

"మీరు పెద్ద చదువు చదివారు వదినగారూ. పెళ్లినాటి నుంచి చూస్తున్నా. ఏ మాట అన్నా మీరే కరెక్టు. వడ్డీ లెక్క మీరే కరెక్టు, పిల్లదాని కాలేజీ మీరే కరెక్టు, ఆఖరికి నా మోకాళ్ల నొప్పికి మందు కూడా మీరే కరెక్టు. నా జన్మలో ఒక్కటంటే ఒక్కటి మీకంటే ముందు నేను చూశా. అదీ చూడలేదని రాసివ్వమంటారా?"

"దీపిక కోసం."

"దాని కోసమైతే మీరే ఒక మాట అనండి. 'సుబ్బరత్నం చెప్పిందే కరెక్టు' అని. నలుగుర్లో అనండి. అప్పుడు ఆలోచిస్తా."

"అది కమండలం కాదు వదినగారూ. ఆయిల్ బొమ్మ."

"ఆపమన్నానా లేదా?"

"తప్పు కారణంతో ఆపమన్నారు. లెక్కంతా తప్పు చేసి జవాబు మాత్రం సరిగ్గా వస్తే నేను మార్కులివ్వను."

"నేను మీ స్కూల్లో చదవలేదు."

ఆ తర్వాత ఇద్దరం సీలింగు ఫ్యాను చూస్తూ కూర్చున్నాం. వచ్చేటప్పుడు డబ్బా నిండా సున్నుండలు పెట్టారు. బస్సులో రెండు తిన్నాను. నెయ్యి సరిపోయింది. బెల్లం ఎక్కువ.

21 మే, బుధవారం.

జయప్రకాశ్ హైదరాబాద్‌లో కోచింగు సెంటరుకు అడ్వాన్సు కట్టాడు. హాస్టలు కూడా మాట్లాడాడట.

మధ్యాహ్నం దీపిక గమ్‌బూట్లను కొత్తలో వచ్చిన కవర్లోనే పెట్టి, మూతికి దారం కట్టి, అటక మీదికి ఎక్కించమని నాకు అందించింది. నేను స్టూలు మీద నిలబడి ఉన్నాను. ఎక్కించలేదు. స్టూలు దిగాను.

"నీ తప్పేం లేదులే నానమ్మా" అంది.

నా తప్పు ఉందని నేనెక్కడా అనలేదు కదా.

22 మే, గురువారం.

నిన్న రాసిన చివరి వాక్యం అవసరం లేదు. కొట్టేద్దామనుకున్నాను. ఖర్చుల పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని నా నియమం. ఇక్కడా అదే.

24 మే, శనివారం.

అధికారి పేరు కవిత. ముప్ఫై ఏళ్లుంటాయేమో. వెంట రాందాస్ వచ్చాడు. కుర్చీలు వేసి, టీలు ఇచ్చేసరికి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి సుబ్బరత్నం గారు దిగారు, పట్టుచీర కట్టుకుని. ఫోనులో చెబితే చాలని కంపెనీ వాళ్లు అన్నారట. ఆవిడ ఒప్పుకోలేదట.

కవిత ఫైలు తెరిచింది. "ఇన్సూర్డ్ అనసూయాదేవి గారు మీరే గదా? మీతోని తర్వాత మాట్లాడత. ముందుగాల డ్రైవర్‌ని అడగాలె." దీపిక వైపు తిరిగింది. "లైటొచ్చిందా అమ్మా? సూసినవా?"

దీపిక నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

"సూడు, సూసి గూడ నడిపినవంటే తప్పు మొత్తం డ్రైవర్ మీదికొస్తది. నెగ్లిజెన్స్ అని రాస్తం. సూడలేదంటే సూడలేదను. ఏదో ఒకటి చెప్పు."

"చూడలేదను" అన్నాను నేను లోపల్లోపల. దీపిక చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. దాని నోట్లోంచి అబద్ధం రావడం లేదు. నా పేరు కూడా రావడం లేదు. ఆ రెండూ రాకపోతే ఇక మిగిలేది దాని నేరమే.

నేను లేచి నిలబడ్డాను. నిలబడి మాట్లాడటం నాకు అలవాటు.

"వెలిగింది. ఆపనా అని ఈ పిల్ల రెండుసార్లు అడిగింది. వెనక నుంచి మా వదినగారు ఆపమన్నారు. పోనిమ్మన్నది నేను. నా మాట కాదని ఈ ఇంట్లో ఎవరూ ఏదీ చెయ్యరు. అది వీళ్ల తప్పు కాదు."

శ్రీదేవి వంటింటి గుమ్మంలో గరిటెతో అలాగే ఉండిపోయింది. జయప్రకాశ్ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

సుబ్బరత్నం గారు గొంతు సవరించుకున్నారు. "ఏమన్నారు వదినగారూ? కుక్కరు కూతలో వినబడలేదు."

"విన్నారు."

"ఒట్టు, వినలేదు."

"మా వదినగారు ఆపమన్నారు అన్నాను. ఆవిడ చెప్పిందే సరైనది." ఊపిరి తీసుకున్నాను. "కారణం తప్పు."

"కారణం ఎందుకు తప్పు? కమండలం వెలిగింది, బండి ఆగింది!"

కవిత పెన్ను కింద పెట్టింది. "ఆగండ్రి, ఆగండ్రి. కమండలమేంది?"

"రావణాసురుడిదండీ" అన్నారు సుబ్బరత్నం గారు.

"అది కమండలం కాదు" అన్నాను. "ఆ రోజు నేను టీ కెటిల్ అనుకున్నాను. అదీ తప్పే. కానీ కమండలం కంటే కెటిల్ దగ్గర."

రాందాస్‌కు టీ పొలమారింది.

కవిత ఇద్దరికీ చెరొక తెల్లకాగితం ఇచ్చి, ఆ రోజు ఏం కనబడిందో గీయమంది. నేను స్కేలు అడిగి తీసుకుని గీశాను. మూత, మూత మీద గుండీ, పైన ఆవిరి. ఆవిరి ఆ రోజు ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. సుబ్బరత్నం గారి బొమ్మలో కమండలం చిన్నది, రుద్రాక్షలు వేసుకున్న చెయ్యి పెద్దది. ఆవిడ కింద సంతకం కూడా పెట్టారు. ఒకరి కాగితంలోకి ఒకరం తొంగిచూసి, పిడి మీద మళ్లీ మొదలుపెట్టాం. ఎంతసేపో నాకు తెలియదు. రాందాస్ రెండో టీ కూడా తాగాడు.

"మరి నీకు తెల్వదా అమ్మా, ఆ లైటేందో?" అని దీపికను అడిగింది కవిత.

"డ్రైవింగ్ స్కూల్లో స్టీరింగు, గేర్లు, హారను నేర్పారు మేడం. లైట్ల సంగతి కారు పుస్తకంలో చూసుకోమన్నారు."

"పుస్తకం సూసినవా మరి?"

చెప్పక తప్పలేదు. బీరువా తీసి పుస్తకం తెచ్చాను. కంపెనీ వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. చించలేదు. చించితే పాతబడుతుంది. రాందాస్ దాన్ని అటూ ఇటూ తిప్పి, కోడిని ఫోటో తీసినంత శ్రద్ధగా తీశాడు.

"అంటే కారులో ఉన్నోళ్లు ఒక్కలకు గూడ అది ఆయిల్ లైటని తెల్వదు" అంది కవిత, రాసుకుంటూ.

"నాకు తెలుసు" అన్నారు మా వారు.

అందరం అటు తిరిగాం.

"మన పాత ట్రాక్టరుకు కూడా ఉండేదిగా. అది వెలిగిందంటే ఇంజను ఆపెయ్యాలి. లేకపోతే పట్టేస్తుంది."

"మరి ఆ రోజు చెప్పలేదేం?" అన్నాను.

"నిద్రపోయాను" అన్నారు. ఏ తేదీన అడిగినా ఒకే జవాబు. ఈ ఇంట్లో నిలకడ గల సాక్షి ఆయనొక్కరే.

కవిత ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుని కాసేపు ఉంది. ఫైలు దించాక కళ్లు తుడుచుకుంది. రెండు బొమ్మలూ అందులో పెట్టింది.

"ఎన్నో క్లెయిములు సూసిన గని అమ్మా, కూసోని కల్పిద్దామన్నా గిట్లాంటిది ఎవ్వరితోని గాదు. తెలిసి నడిపితే ఒక లెక్క, తెల్వక నడిపితే ఒక లెక్క. తెల్వక అని నేను రాస్త. మొత్తం ఇయ్యరు. కొంత కోసి ఇస్తరేమో. పైన ఒప్పుకోవాలె మరి."

వాళ్లు వెళ్లాక సుబ్బరత్నం గారు భోజనం చేసి, సాయంత్రం బస్సెక్కారు. ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, "సున్నుండల్లో బెల్లం ఎక్కువైందా వదినగారూ?" అని అడిగారు.

"లేదు" అన్నాను.

3 జూన్, మంగళవారం.

ఉత్తరం రాలేదు.

6 జూన్, శుక్రవారం.

వచ్చింది. ఇంజను ఖర్చులో నాలుగింట మూడు వంతులు ఇస్తారు. మిగతా వంతు నేను వేస్తాను. పోనిమ్మన్నది నేను కదా.

ఈ ఉత్తరంలోనూ రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

12 జూన్, గురువారం.

ఇంజను పని అయిపోయిందని, రేపు వచ్చి బండి తీసుకెళ్లమని భీమ్లా ఫోన్ చేశాడు. జయప్రకాశ్ మాట తప్పలేదు. కాకపోతే ఒక మెలిక పెట్టాడు. మొదటి నెల దీపిక పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు కూర్చోవాలట. "నానమ్మ వస్తది. ఆమెకు ఖాళీయే కదా" అన్నాడు. నేను అప్పటికే మంచినీళ్ల సీసా, గొడుగు ఏది తీసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"ఎవరూ వద్దు నాన్నా" అంది దీపిక.

"అదేంటే?"

"ఆ రోజు నాకు ఆపాలనిపించింది. రెండుసార్లు అనిపించింది. ఆపకుండా నానమ్మను అడిగాను. పక్కన ఎవరున్నా మళ్లీ అడుగుతా. పక్కన ఎవరూ లేకపోతే ఆపుతా."

వాడు నా వైపు చూశాడు, నేను కోప్పడతానని. నేనూ కోపం వస్తుందనే అనుకుని కాసేపు ఎదురుచూశాను. ఇందులో తప్పు ఎక్కడుందా అని రెండుసార్లు వెతికాను. కారణం సరైనదే. జవాబూ సరైనదే.

"దాని బూట్ల కవరు ఎక్కడుందో తీసివ్వు శ్రీదేవీ" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. రేపు భద్రాచలం వెళ్లి కారు తేవాలి. భీమ్లా బిల్లులో కూడిక సరిచూడాలి. తప్పు లేకపోతే వెతకకూడదు.

2. వానలు మొదలయ్యాయి కాబట్టి వైపర్లు మార్పించాలి.

3. కోచింగు సెంటరుకు కట్టిన అడ్వాన్సు జయప్రకాశ్ వెనక్కి అడగాలి. ఇవ్వరు. అయినా అడగాలి.

4. సుబ్బరత్నం గారికి ఫోన్ చేసి, దీపిక చేరుతోందని మొదట ఆవిడకే చెప్పాలి. ఆవిడ చెప్పిందే సరైనదని మళ్లీ అనమంటే అనాలి. కారణం గురించి మాట్లాడకూడదు.

5. సోమవారం పొద్దున దీపిక ములకలపల్లి బయలుదేరుతుంది. కారులో ఎవరూ ఎక్కకూడదు.

6. ఎవరూ అంటే నేను కూడా.

7. దారిలో ఉండగా ఫోన్ చేయకూడదు. చేరాక అదే చేస్తుంది.

8. పదింటికల్లా చేయకపోతే నేను చేయవచ్చు. తొమ్మిదిన్నరకు.